ఏ నేలకు ఆ తలా: కొండ జోడు తారీఖ్

బండి ఎద్దులకు లాడాలు కొట్టే నాల్‌బంద్ సాయిబులు ఇప్పుడు మన ఊళ్లలో కనిపించడం తక్కువ. ఒక జమానాలో సంతలో, ఊరి మొదట్లో, ఏ వేపచెట్టు కిందో వాళ్ల పని నడిచేది. ఎద్దును తాళ్లేసి పడుకోబెట్టి, కాళ్లు కట్టి, గిట్ట చెక్కి, ఇనుప రేకు పెట్టి మేకులు దిగ్గొట్టేవాళ్లు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండు రేకులు, మొత్తం ఎనిమిది. గుర్రానికైతే నాలుగు చాలు. నాల్ అంటే లాడం, బంద్ అంటే బిగించేవాడు. ఆ పేషాయే ఎన్నో ఖాందాన్‌లకు ఇంటిపేరు కూడా అయింది.

ఆ పేషాలో ఒక లెక్క ఉంది. మెత్తటి పొలంలో దున్నే ఎద్దుకు లాడం పెద్దగా అక్కర్లేదు, మట్టి గిట్టను అరగదీయదు. అదే ఎద్దు కంకర రోడ్డు మీద బరువు బండి లాగాలంటే లాడం కావాలి. లేకపోతే గిట్ట అరిగిపోయి కుంటుతుంది. జంతువు ఒకటే, కాలు ఒకటే. కింద నేల మారితే కాలికి కావాల్సింది మారిపోతుంది.

ఈ ఫరక్ ఇప్పుడు మన పిల్లల బూట్ల దాకా వచ్చింది. ట్రెయిల్ రన్నింగ్ షూ అని ఒకటి దుకాణాల్లో, ఫోన్లలో కనిపిస్తోంది. కొండదారుల్లో, అడవి బాటల్లో పరుగెత్తేవాళ్ల కోసం చేసిన జోడు అది. చూడ్డానికి మజ్‌బూత్‌గా ఉంటుంది, అడుగున పెద్ద పెద్ద రబ్బరు గుబ్బలుంటాయి, ధర వేలల్లో ఉంటుంది. ఇంత పైసా పోసి కొంటే కొండ మీదా తారురోడ్డు మీదా రెండుచోట్లా పనికొస్తుందా అని అమ్మీలు, అబ్బాలు అడగడం సహజమే. జవాబు రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ జోడు అడుగుభాగం, మన ఇళ్లలో తలా అంటాం కదా, అది ఇవాళ్టి రూపానికి రావడం వెనక పెద్ద దాస్తాన్ ఉంది. అందులో మంచులో గడ్డకట్టి చనిపోయినవాళ్లున్నారు. కాలివేళ్లన్నీ పోగొట్టుకున్న ఒక హుంజా మజ్దూర్ ఉన్నాడు. ఆ కహానీ తెలిస్తే జవాబు మన చేతికే వస్తుంది.

ఇనుప మేకుల జమానా

వంద ఏళ్ల కిందట యూరప్ కొండలెక్కేవాళ్లు బరువైన చమ్డా బూట్లు తొడిగేవాళ్లు. వాటి అడుగున వరసగా ఇనుప మేకులు. ఎద్దు లాడం లాంటి ఆలోచనే అది. మంచుగడ్డలో, గడ్డిలో, మట్టిలో మేకు దిగుతుంది, పట్టు దొరుకుతుంది. కానీ నున్నటి రాయి మీద ఇనుము జారుతుంది. పైగా ఇనుము చలిని మోసుకొచ్చి నేరుగా పాదానికి అప్పగిస్తుంది.

అందుకని నిటారు బండలు వచ్చినప్పుడు పర్వతారోహకులు మేకుల బూట్లు కింద వదిలేసి తేలికపాటి జోళ్లు తొడుక్కునేవాళ్లు. వాటి తలా నమ్దాతో చేసేవాళ్లు, అంటే ఉన్నిని నొక్కి చేసిన మందపాటి గుడ్డతో. పొడి రాతి మీద నమ్దా హాయిగా పట్టుకుంటుంది. మంచు పడిందా, అది నానిపోతుంది, గడ్డకడుతుంది, ఇక దేనికీ పనికిరాదు. అంటే ఒకే కొండకు రెండు జోళ్లు. ఒకటి కింద వదిలేస్తేనే ఇంకోదానితో పైకి పోగలరు. వాతావరణం మారనంత వరకూ ఈ హిసాబ్ బాగానే నడిచింది.

కొండ మీద పరుగుకు ప్రత్యేకమైన జోడు అనే ఖయాలే అప్పటికి లేదు. 1932 జూన్‌లో ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో కెస్విక్ ఊరి బాబ్ గ్రాహం 24 గంటల లోపు 42 శిఖరాలు చుట్టి వచ్చాడు. పట్టిన టైము 23 గంటల 39 నిమిషాలు. ఆయన కాళ్లకున్నవి టెన్నిస్ జోళ్లు, ఒంటి మీద పైజామా జాకెట్. ఇవాళ్టికీ ఆ చుట్టును ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆయనకు జోడు సాయం చేసిందనేకంటే జోడు లోపాన్ని ఆయన కాళ్లు బర్దాష్ చేశాయనడం సహీ.

ఆరుగురి మౌత్

1935 సెప్టెంబరులో ఇటలీ ఆల్ప్స్‌లోని పుంతా రాసికా శిఖరం దగ్గర ఆ పాత హిసాబ్ తప్పింది. మిలాన్ నుంచి వెళ్లిన ఒక జట్టు పైన బండల మీద ఉండగా వాతావరణం తిరగబడింది. మంచుతుఫాను. కాళ్లకున్నవి రాతి కోసం తొడిగిన తేలిక జోళ్లు. మంచు పట్టిన రాళ్ల మీద వాటితో కిందికి దిగే దారి లేదు. ఆరుగురు చనిపోయారు.

ఆ జట్టుతో వెళ్లి బతికి వచ్చినవాడు వితాలే బ్రమాని. మంచి పర్వతారోహకుడు. పోయినవాళ్లు అతని దోస్తులు. రాతి మీదా మంచు మీదా మట్టి మీదా ఒకే జోడు పట్టుకోగలిగి ఉంటే వాళ్లు దిగి వచ్చేవాళ్లేమో అన్న ఆలోచన అతన్ని వదల్లేదు. టైర్లు చేసే పిరెల్లీ కంపెనీ సాయంతో రబ్బరు తలా మీద పనిచేశాడు. 1937లో దానికి పేటెంటు తీసుకున్నాడు. తన పేరులోని ముక్కలు కలిపి దానికి విబ్రం అని పేరు పెట్టాడు. అడుగున గుబ్బల అమరికను కర్రార్మాతో అన్నాడు. ఇటాలియన్‌లో ఆ మాటకు యుద్ధ ట్యాంకు అని అర్థం.

బ్రమాని చేసింది ఏమిటో అర్థమైతే సగం సంగతి తేలిపోతుంది. పట్టు రెండు రకాలు. ఒకటి, రబ్బరు రాతి గరుకుకు అతుక్కుని ఇచ్చే పట్టు. దీనికి ఎంత రబ్బరు నేలకు తగిలితే అంత మేలు, రబ్బరు మెత్తనయితే ఇంకా మేలు. రెండోది, గుబ్బ మట్టిలోకి, మంచులోకి దిగి ఇచ్చే పట్టు. దీనికి గుబ్బ పొడుగ్గా, ఎడంగా, అంచులు పదునుగా ఉండాలి. నమ్దా మొదటి పని చేసేది, మేకు రెండో పని చేసేది. బ్రమాని ఒకే రబ్బరు ముక్కతో రెండూ చేయించాడు. రెండూ పూర్తిగా కాదు, రెండూ కొంచెం కొంచెం. అది ఒక సౌదా. ఇవాళ దుకాణంలో ఉన్న ప్రతి కొండ జోడూ ఆ సౌదానే తన పద్ధతిలో తిరగరాస్తోంది.

కె2 మీద ఓ రాత్రి

1954 జులై 31న ఇటలీవాళ్లు ప్రపంచంలో రెండో ఎత్తైన కొండ కె2 ఎక్కారు. శిఖరం మీద అడుగుపెట్టిన లినో లాసెదెల్లి, అకిల్లె కంపాన్యోని బూట్ల కింద ఉన్నది విబ్రం తలా. కంపెనీ ఆ ఫతే గురించి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. అందులో తప్పేమీ లేదు. కానీ అదే కొండ మీద, ఆ ముందు రాత్రి, ఇంకో జత బూట్ల కథ కూడా జరిగింది.

అమీర్ మహ్దీది హుంజా లోయలో హసనాబాద్. బరువులు మోసే మజ్దూర్‌గా యాత్రలకు వెళ్లేవాడు, కొండల్లో అతనికి మించిన బలవంతుడు లేడని పేరు. 1953లో నంగా పర్బత్ ఎక్కి, కాళ్లు మంచుకు పాడై దిగిన హెర్మన్ బూల్‌ను వీపు మీద మోసుకుని కిందికి తెచ్చినవాళ్లలో మహ్దీ ఒకడు. మరుసటి ఏడు కె2 మీద, జులై 30న, వాల్తెర్ బొనాట్టితో కలిసి ఆక్సిజన్ సిలిండర్లు మోసుకుని పైకి బయల్దేరాడు. శిఖరం ఎక్కబోయే ఇద్దరికి అవి అందాలి. వాళ్ల గుడారం అనుకున్న చోట లేదు. చీకటి పడింది. పైనుంచి గొంతు వినిపించింది కానీ చేరే దారి లేదు, కిందికి దిగే వెలుతురూ లేదు. ఇంచుమించు 8,100 మీటర్ల ఎత్తున, మంచులో చిన్న అరుగు తవ్వుకుని, గుడారం లేకుండా, పడుకునే సంచి లేకుండా ఇద్దరూ రాత్రంతా కూర్చున్నారు.

తెల్లారాక దిగారు. సిలిండర్లు అక్కడే వదిలి వచ్చారు. పైవాళ్లు వాటిని తీసుకుని ఆ సాయంత్రం శిఖరం చేరారు. బొనాట్టి కాళ్లు దక్కాయి. మహ్దీ కాలివేళ్లన్నీ పోయాయి. నెలల తరబడి ఆస్పత్రిలో ఉండి ఇంటికి చేరాడు. మళ్లీ కొండెక్కలేదు. 1999లో కన్నుమూశాడు. ఆ రాత్రి అతని కాళ్లకున్నవి ఎత్తైన మంచుకొండల బూట్లు కావని, సైన్యంలో వాడే మామూలు బూట్లని, అవి కూడా అతని పాదానికి రెండు సైజులు చిన్నవని అతని గురించి వచ్చిన కథనాలు చెబుతున్నాయి.

పాదం బిగుసుకుపోతే నెత్తురు ఆడదు, నెత్తురు ఆడని చోటును చలి ముందు తింటుంది. ఆ రాత్రికి బూట్లొక్కటే జిమ్మేదార్ అనలేం. గుడారం ఎందుకు మారిందన్నదాని మీద ఇటలీలో అర్ధశతాబ్దం బహస్ నడిచింది, చివరికి అక్కడి పర్వతారోహక సంఘం బొనాట్టి చెప్పిందే సహీ అని ఒప్పుకుంది. కానీ ఒక సంగతి మాత్రం మిగిలిపోతుంది. మంచి తలా కనిపెట్టడం ఒక పని. అది ఎవరి కాలి దాకా చేరుతుందన్నది ఇంకో పని. తారీఖ్ మొదటిదాన్ని రాసిపెట్టింది. రెండోదాన్ని చాలాసార్లు వదిలేసింది.

రోడ్డు కథ వేరు

ఇటు రోడ్డు మీద పరుగు ఇంకో దారిన పోయింది. 1960 సెప్టెంబరు 10న రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఇథియోపియా సిపాయి అబెబే బికిలా జోడు లేకుండా పరుగెత్తి గెలిచాడు. టైము 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. ఇచ్చిన బూట్లు కాలికి సరిగా కుదరలేదు, అందుకని ప్రాక్టీసు చేసినట్టే ఒట్టి కాళ్లతో దిగాడు. మరుసటి ఏడు జపాన్‌లో ఒక మారథాన్‌కు వెళ్తే, అక్కడి బూట్ల కారీగర్ కిహచిరో ఒనిత్సుకా అతన్ని ఒప్పించి తన జోళ్లు తొడిగించాడు. 1964 టోక్యోలో బికిలా బూట్లతోనే పరుగెత్తి, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్లీ బంగారం తెచ్చుకున్నాడు.

ఒట్టి కాళ్లతో మారథాన్ గెలవడం సాధ్యమైంది అంటే కారణం బికిలా కాళ్లు, ఆ కాళ్ల వెనక మేహనత్. కానీ రోడ్డు కూడా ఒక కారణమే. రోడ్డు మీద పట్టు సమస్య కాదు. తారు గరుకుగా ఉంటుంది, సమంగా ఉంటుంది, ప్రతి అడుగూ ముందు అడుగులాగే పడుతుంది. రోడ్డు ఇచ్చే కష్టం వేరు: దెబ్బ. వేలసార్లు, ఒకే కోణంలో, ఒకే చోట.

అందుకే రోడ్డు జోడు చేసేవాళ్ల ధ్యాసంతా అడుగు గుబ్బల మీద కాదు, తలాకూ పాదానికీ మధ్య ఉండే నురుగు పొర మీద పడింది. 1970ల నడుమ నుంచి ఈవీఏ అనే తేలిక నురుగు వచ్చి రోడ్డు బూటును మెత్తబరిచింది. అడుగు రబ్బరు దాదాపు చదునుగా మిగిలింది. అరుగుదలకు తట్టుకునేలా గట్టి రబ్బరు వేశారు.

మధ్యలో ఒక మజాకైన సంఘటన ఉంది. అమెరికాలో ఓరెగాన్ కోచ్ బిల్ బౌర్‌మన్‌కు కొత్తగా వచ్చిన సింథటిక్ ట్రాక్ మీద ఇనుప మేకులు లేకుండా పట్టు కావాలి. 1971లో ఇంట్లో వాఫిల్ పెనం చూశాడు. మన గుంతపొంగణాల పెనం ఉంటుంది కదా, దానికి గుంతల బదులు గళ్లుంటాయనుకోండి. అందులో రబ్బరులాంటి ద్రావకం పోశాడు. పెనం పాడైంది. కానీ గళ్ల తలా పుట్టింది. 1974లో వాఫిల్ ట్రెయినర్ అనే బూటు మార్కెట్లోకి వచ్చింది. ట్రాక్ కోసం ఆలోచించిన గుబ్బలు రోడ్డు మీద లక్షల కాళ్లకు ఎక్కాయి. అవి పొట్టి గుబ్బలు, దగ్గర దగ్గరగా ఉన్నవి. అందుకే రోడ్డు మీద నెగ్గాయి.

తడి గడ్డి, బురద, గుబ్బలు

కొండ పరుగుకు నిజమైన జోడు పుట్టింది ఇంగ్లండ్ ఉత్తరాన. అక్కడి కొండలకు ఏడాది పొడుగునా వాన. దారి అంటూ ఉండదు, తడి గడ్డి, ఊబిమట్టి, జారుడు వాలు. బోల్టన్ ఊళ్లో ఫాస్టర్ కుటుంబం పరుగు బూట్లు చేసేది. రీబాక్ కంపెనీ పెట్టింది ఆ ఇంటి మనవళ్లే. ఆ కార్ఖానాలో పని నేర్చుకున్న నార్మన్ వాల్ష్ తర్వాత సొంతంగా కొండ పరుగు జోళ్లు చేశాడు. తేలిక పైభాగం, పల్చటి తలా, దాని కింద పిరమిడ్‌లాంటి రబ్బరు మొనలు. నురుగు పొర దాదాపు లేదు. మెత్తటి నేలే నురుగు పని చేస్తుంది కదా. కొండవాళ్లు ఏళ్ల తరబడి వాల్ష్ జోళ్లే తొడిగారు. 2003లో అదే లేక్ డిస్ట్రిక్ట్ కొండల్ని నమ్ముకుని ఇనోవ్-8 కంపెనీ మొదలైంది. దాని మొదటి జోడు పేరు మడ్‌రాక్. బురద, రాయి. ఆ రెండింటి కోసమే చేశారు, పేరులోనే చెప్పేశారు.

అమెరికాలో దారి వేరు. 1974లో గోర్డీ ఐన్స్‌లీ అనే అతను కాలిఫోర్నియాలో వంద మైళ్ల గుర్రప్పందెం దారిలో గుర్రం లేకుండా తనే పరుగెత్తాడు. ముందు ఏడాది అతని గుర్రం కుంటింది. 23 గంటల 42 నిమిషాల్లో మంజిల్ చేరాడు. వెస్టర్న్ స్టేట్స్ అనే మషూర్ పరుగుపందెం అక్కడి నుంచి మొదలైంది. లాడం కొట్టిన గుర్రం దారిలో ఇన్సాన్ కాలు పడిందన్నమాట. అక్కడ బురద తక్కువ, పొడి ధూళి, రాళ్లు, పొడవాటి దిగుళ్లు ఎక్కువ. కాబట్టి అక్కడి జోళ్లకు గుబ్బలు పొట్టిగా, నురుగు మందంగా వచ్చాయి. 2009లో ఫ్రాన్స్‌లో మొదలైన హోకా ఈ రెండో దారిని చివరి దాకా తీసుకుపోయింది. దిగుళ్లలో మోకాళ్లు దెబ్బతినకుండా దిండంత నురుగు పెట్టింది. మొదట నవ్వినవాళ్లే తర్వాత కొన్నారు.

అంటే ట్రెయిల్ షూ అన్నది ఒకటి కాదు. ఇంగ్లండ్ బురదకు పుట్టింది ఒకటి, కాలిఫోర్నియా ధూళికి పుట్టింది ఒకటి. దుకాణంలో రెండూ ఒకే అరలో కూర్చుంటాయి.

టైరు చెప్పులు గెలిచిన రోజు

మెక్సికో కొండల్లో రారామురి అనే ఆదివాసులున్నారు, బయటివాళ్లు తరాహుమారా అంటారు. దూరాలు పరుగెత్తడం వాళ్ల జిందగీలో భాగం. వాళ్ల చెప్పు పేరు హువరాచె: పాత టైరు నుంచి కోసిన ముక్క, దానికి చమ్డా వారు. 1993లో అమెరికా కొలరాడోలో లెడ్‌విల్ వంద మైళ్ల పందెం జరిగితే, 55 ఏళ్ల విక్తోరియానో చూరో మొదట వచ్చాడు. 1994లో వాళ్లలోనే హువాన్ హెరెరా 17 గంటల 30 నిమిషాల్లో ముగించి కొత్త రికార్డు పెట్టాడు.

టైరు చెప్పు మనకేం కొత్త? మన పల్లెల్లో రైతులు, కూలీలు, గొర్రెల కాపర్లు తొడిగిందీ అదే. ముల్లు దిగదు, ఏళ్లకేళ్లు అరగదు, మోచీ ఇచ్చే ధర పేదవాడికి అందుతుంది. టైరు రబ్బరు రోడ్డు కోసం పుట్టింది కాబట్టి గట్టిది, అరుగుదలకు మొండిది. పొడి రాతి నేల మీద చాలు. బురదలో దానికి గుబ్బ లేదు, జారుతుంది. ఇక్కడా అదే హిసాబ్.

ఇసుకది ఇంకో ముసీబత్. మొరాకో సహారాలో 1986 నుంచి జరుగుతున్న మరథాన్ దె సాబ్ల్‌లో దాదాపు 250 కిలోమీటర్లు కొన్ని రోజుల్లో పరుగెత్తాలి. జాగోరా వాసి లహ్‌సెన్ అహన్సాల్ దాన్ని 10 సార్లు గెలిచాడు. అక్కడ ఇసుక దిబ్బల్లో ఎంత పొడుగు గుబ్బ అయినా ఒకటే, ఇసుక పక్కకు తప్పుకుంటుంది. అక్కడ కావాల్సింది బూటులోకి ఇసుక రాకుండా గుడ్డ తొడుగు, ఇసుక మీద తేలిగ్గా అడుగు వేయడం తెలిసిన కాలు.

కొండ జోడు రోడ్డెక్కితే

ఇక అసలు సవాల్‌కు వద్దాం. కోస్తా వరి పొలాల్లో దమ్ము చేసే ట్రాక్టరు చూశారు కదా. ఇనుప చక్రాలు తగిలిస్తే మోకాలి లోతు బురదలో హాయిగా పోతుంది. అవే చక్రాలతో తారురోడ్డు ఎక్కితే రోడ్డూ పాడవుతుంది, బండీ గడగడలాడుతుంది. పొడుగు గుబ్బల జోడు రోడ్డెక్కితే జరిగేది చిన్న ఎత్తున అదే. కాకపోతే ఇక్కడ పాడయ్యేది రోడ్డు కాదు, జోడు.

రోడ్డు మీద గుబ్బ దిగడానికి మట్టి లేదు. బరువంతా గుబ్బల కొసల మీద పడుతుంది. నేలకు తగిలే రబ్బరు తగ్గిపోతుంది. అడుగు తీసిన ప్రతిసారీ గుబ్బ వంగి లేస్తుంది, దాంతో కాలు కొంచెం ఊగినట్టనిపిస్తుంది, బలం కొంత వృథా అవుతుంది. మెత్తటి రబ్బరైతే అంచులు త్వరగా గుండ్రబడిపోతాయి. రాయి గుచ్చకుండా కొన్ని జోళ్లలో తలాకూ నురుగుకూ మధ్య పల్చటి ప్లాస్టిక్ రేకు ఉంటుంది. కొండ మీద అది వరం. రోడ్డు మీద బిరుసు. వేళ్ల ముందు గట్టి కవచం, దుమ్ము చొరకుండా బిగువైన నేత కొండ మీద మేలు చేస్తాయి, ఎండలో రోడ్డు మీద కాలిని ఉడికిస్తాయి.

తడి నున్నటి నేల మీద ఇంకో ధోకా ఉంది. గుబ్బలు పెద్దవి కదా, జారదు అనుకుంటారు. తడి టైల్సు మీద, తడి పాలరాతి మీద గుబ్బ చేసేదేమీ లేదు. అక్కడ పనిచేసేది రబ్బరు గుణం, నేలకు తగిలే వైశాల్యం మాత్రమే. గట్టి రబ్బరుతో చేసిన పొడుగు గుబ్బల జోడు అక్కడ మామూలు జోడుకంటే ఎక్కువ జారొచ్చు.

ఇక రోడ్డు జోడు కొండెక్కితే? పొడి, చదును మట్టిబాట మీద ఏ కష్టమూ లేదు. వాలులో వదులు కంకర వచ్చిందంటే చదును తలా కంకరతోపాటే కిందికి పోతుంది. మందపాటి మెత్తటి నురుగు ఎగుడుదిగుడు రాళ్ల మీద పక్కకు ఒరుగుతుంది, చీలమండ మడత పడుతుంది. పదునైన రాయి నురుగులోంచి పాదానికి తగులుతుంది.

రెండింటి నడుమ కొన్ని జోళ్లున్నాయి. గుబ్బ 3 మిల్లీమీటర్ల లోపు, దగ్గర దగ్గరగా, నురుగు ఓ మాదిరిగా ఉంటాయి. ఇంటి నుంచి గుట్ట దాకా రోడ్డు, ఆ తర్వాత గుట్ట మీద మట్టిబాట అయితే ఇవి నయం. 4, 5 మిల్లీమీటర్ల గుబ్బలు కొండకే. 6 దాటిందంటే అది బురద కోసం చేసిన జోడు, తారు మీద దానికి పనిలేదు.

మన నేల, మన పిల్లలు

మన నేల సంగతి కూడా చూడాలి. దక్కన్ గట్టి గ్రానైటు నేల. బండ మీద సన్నటి మొరం చిందర వందరగా పడి ఉంటుంది. బండ మీద మొరం అంటే నున్నటి గచ్చు మీద గోళీలు పోసినట్టే, ఏ తలా అయినా జారుతుంది, అడుగు చూసి వేయాల్సిందే. ఉత్త బండ మీద మాత్రం పొట్టి గుబ్బల మెత్తటి రబ్బరు గట్టిగా పట్టుకుంటుంది. వానాకాలం నల్లరేగడిలో కథ తిరగబడుతుంది. దగ్గర గుబ్బల మధ్య మట్టి ఇరుక్కుని నాలుగడుగుల్లో జోడు అడుగు ముద్దయిపోతుంది. గుబ్బలు ఎడంగా ఉంటే మట్టి కొంతవరకు రాలిపోతుంది.

అయితే మన పిల్లల్లో ఎక్కువమంది కొండ మీద పరుగెత్తడం లేదు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లారుజామున రోడ్డు మీద, స్కూలు గ్రౌండు మీద పరుగెత్తుతున్నారు. మగపిల్లలకు అక్కడ అడిగేది 1600 మీటర్లు. ఒక ఉద్యోగం, ఒక ఇంటి ఇజ్జత్ ఆ కొద్ది నిమిషాల్లో తేలుతుంది. ఆ పిల్లాడికి కొండ జోడు చూపు మీద కొనిస్తే బరువెక్కువ, ఊగిసలాట ఎక్కువ, ఫాయిదా లేదు. తేలికైన మామూలు రోడ్డు జోడు, సరైన సైజులో ఉంటే చాలు. అదే పిల్లాడు సెలవుల్లో గుట్టలెక్కే రకమైతే అప్పుడు నడుమ రకం ఆలోచించండి.

మసీదు మెట్ల దగ్గర విప్పిన జోళ్లను ఎప్పుడైనా గమనించండి. లోపల అందరూ ఒకే సఫ్‌లో నిలబడతారు. బయట తలాలు మాత్రం ఒక్కోటి ఒక్కో కథ చెబుతాయి. మడమ ఒక పక్కకే అరిగినవి, ముందు భాగం కాగితంలా పల్చబడినవి, అసలు అరగనివి. పనికోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడంటామే, ఆ మాట నిజంగా కంటికి కనిపించేది అక్కడే. ఎవరు ఏ నేల మీద ఎంత నడిచారో తలాకు తెలుసు.

తలా చేసేవాళ్లు కూడా మనకు దూరమేం కాదు. ఆంబూరు, వాణియంబాడిల్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు తరాలుగా చమ్డా పదును చేసి, బూట్లు కుట్టి దేశాలకు పంపుతున్నాయి. మన తడ దగ్గర మాంబట్టులో అడిడాస్ బూట్లు చేసే పెద్ద కార్ఖానా ఉంది. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు అందులో పనిచేస్తారు. ఆ చేతుల మీదుగా వెళ్లిన జోడు ఏ దేశంలో ఎవరి కాలికి చేరుతుందో వాళ్లకు తెలిసే అవకాశం తక్కువ.

కాబట్టి కొనే ముందు జోడును తిరగేసి చూడండి. గుబ్బ ఎంత పొడుగు, ఎంత ఎడం, వేలితో నొక్కితే రబ్బరు ఎంత మెత్తన, ఇవి చూస్తే అది ఏ నేల కోసం పుట్టిందో చాలావరకు అర్థమవుతుంది. పైన కంపెనీ పేరు చెప్పని సంగతులు కింద తలా చెబుతుంది. గుబ్బల అంచులు అరిగి గుండ్రబడిన పాత కొండ జోడును మళ్లీ తడి కొండకు తీసుకుపోవద్దు, దాన్ని ఇంటి దగ్గర వాడుకోండి. ఇవన్నీ అయ్యాక పిల్లాణ్ని నిలబెట్టి, సాయంత్రం పూట, పాదం కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు కాలు కొలవండి. వేలి ముందు బొటనవేలంత వెడల్పు జాగా ఉందో లేదో చూడండి. డబ్బులేవీ పట్టని పని అది. కె2 మీదికి పంపే ముందు అమీర్ మహ్దీకి ఆ ఒక్క పని సరిగ్గా చేసినవాళ్లు లేకపోయారు.